జులుం, దాదు, ఫిర్యాదు: క్రూరత్వానికి పాతబస్తీ పెట్టిన పేరు

క్రూరత్వాన్ని తెలిపే విశేషణాలు లేని భాష లేదు గాని, ఆ విశేషణాలు ఏ మూలాల నుంచి వచ్చాయో, ఎవరిని చూపి వాడుతున్నారో పరిశీలిస్తే, ఆ భాష మాట్లాడేవారు అన్యాయాన్ని ఏ వైపున నిలబడి చూశారన్నది బయటపడుతుంది. హైదరాబాద్ పాతబస్తీలో నాలుగు శతాబ్దాలకు పైగా వాడుకలో ఉన్న ‘జాలిం’ అనే విశేషణం, దాని నామరూపంగా తెలుగులో స్థిరపడిన ‘జులుం’ అనే మాట ఈ పరిశీలనకు మంచి ఆధారాలు. ఇవి దర్బారు కాగితాల నుంచీ, మొహర్రం శోకగృహాల నుంచీ, గజల్ గోష్ఠుల నుంచీ తెలుగువారి నోటికి చేరి, చివరకు రైతుల ఉద్యమ భాషలో భాగమయ్యాయి.

ఈ మాటల ప్రత్యేకత తెలియాలంటే ముందుగా వాటికి సమానార్థకాలుగా చెప్పుకునే మాటలను చూడాలి. ఆంగ్లంలోని ‘క్రూయెల్’ అనే విశేషణం ఫ్రెంచి ద్వారా లాటిన్ ‘క్రుదేలిస్’ నుంచి వచ్చింది. దానికి మూలమైన ‘క్రూదుస్’ అనే మాటకు పచ్చిది, నెత్తురోడుతున్నది అని అర్థం. తెలుగులోకి సంస్కృతం నుంచి వచ్చిన ‘క్రూర’ శబ్దం కూడా, పచ్చిమాంసాన్ని తెలిపే ‘క్రవ్య’ శబ్దంతో కలిసి, అదే ప్రాచీన ధాతువు నుంచి పుట్టిందని భాషాశాస్త్రవేత్తలు నిర్ధారించారు. అంటే క్రూయెల్, క్రూర అనే మాటల మధ్య కనిపించే పోలిక యాదృచ్ఛికం కాదు. అవి వేల ఏళ్ళ క్రితం విడిపోయిన ఒకే కుటుంబపు మాటలు. రెండింటిలోనూ కనిపించేది పచ్చి నెత్తురు, రెండూ చెప్పేది చేసేవాడి స్వభావం. క్రూరమృగం అన్నప్పుడు మృగం గురించి తెలుస్తుంది గాని, దాని వాత పడిన ప్రాణి ఊసు ఆ మాటలో ఉండదు.

ఇదే ధోరణి తక్కిన విశేషణాలలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. పైశాచికం, రాక్షసం, పాశవికం, అమానుషం అనే మాటలు క్రూరుణ్ణి వరుసగా పిశాచంగా, రాక్షసుడిగా, పశువుగా, మనిషి కానివాడిగా చూపుతాయి. ఆంగ్లంలోని ‘బ్రూటల్’ పశువు నుంచి, ‘ఇన్‌హ్యూమన్’ మానవత్వపు లేమి నుంచి, ‘సావేజ్’ అడవిని తెలిపే లాటిన్ మాట నుంచి పుట్టి అదే పని చేస్తాయి. పత్రికలు నేటికీ విరివిగా వాడే ‘కిరాతకం’ అనే మాట అడవుల్లో వేటాడి బతికిన ఒక జనసమూహం పేరు. నాగరికులు చేసిన దుర్మార్గానికి వనవాసుల పేరు పెట్టడంలోని అన్యాయం వాడుకలో మరుగున పడిపోయింది. మాంసం అమ్మి జీవించేవారి వృత్తినామాలైన కటిక, కసాయి అనే మాటలకూ ఇదే గతి పట్టింది. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందన్న సామెత ఉంది. కటిక దరిద్రం, కటిక నేల, కటిక చీకటి అనే పదబంధాలలో అదే రూపంలోని మాట కాఠిన్యానికీ తీవ్రతకూ గుర్తుగా ఉంది. ఈ విశేషణాలన్నీ క్రూరుణ్ణి మనుషుల మధ్య నుంచి బయటకు పంపేస్తాయి, లేదా ఆ నిందను అమాయకులైన వేరొకరి మీదికి నెడతాయి.

జాలిం ఆ కోవకు చెందిన మాట కాదు. అరబ్బీలో మూడు హల్లుల ధాతువు నుంచి మాటలు పుట్టే పద్ధతి ఉంది. జ, ల, మ అనే హల్లుల ధాతువు నుంచి అన్యాయాన్ని తెలిపే ‘జుల్మ్’, అన్యాయం చేసేవాణ్ణి తెలిపే ‘జాలిం’, అన్యాయానికి గురైనవాణ్ణి తెలిపే ‘మజ్లూం’ ఏర్పడ్డాయి. చీకటిని తెలిపే ‘జుల్మత్’ కూడా నిఘంటువుల్లో ఈ అక్షరాల కిందే కనిపిస్తుంది. ఒక వస్తువును దానికి చెందని చోట ఉంచడమే జుల్మ్ అని అరబ్బీ నిఘంటుకారులు ఇచ్చిన నిర్వచనం ప్రసిద్ధమైనది. ఈ నిర్వచనంలో నెత్తురు లేదు, మృగం లేదు. ఒకరికి దక్కవలసినది మరొకరి చేతిలో ఉండటమే ఉంది. జాలిం అన్నవెంటనే మజ్లూం ఎవరన్న ప్రశ్న వస్తుంది, ఎందుకంటే వ్యాకరణమే ఆ ఇద్దరినీ కర్తగా, కర్మగా ఒక జంట చేసింది. పైగా అధికారుల మీద ప్రజలు చేసే ఆరోపణలను పాలకుడు స్వయంగా గాని, తన ప్రతినిధి ద్వారా గాని విచారించే సభకు ఇస్లామీయ రాజ్యాల్లో ‘మజాలిం’ అనే పేరుండేది. అదీ ఇదే ధాతువు నుంచి పుట్టినదే. ఇలా దుర్మార్గానికీ, దాన్ని చేసినవాడికీ, దాన్ని భరించినవాడికీ, దాన్ని విచారించే చోటికీ ఒకే ధాతువు పేర్లు సమకూర్చింది.

ఈ పదకుటుంబం తెలుగునేలకు చేరిన మార్గాల్లో మొదటిది పరిపాలన. గోల్కొండ కుతుబ్‌షాహీ వంశంలో ఐదవ పాలకుడైన మహమ్మద్ కులీ 1591లో మూసీ దక్షిణ తీరాన హైదరాబాద్ నగరాన్ని స్థాపించాడు. రాజ్య వ్యవహారాల భాష ఫార్సీ అయినా ప్రజల్లో అత్యధికుల భాష తెలుగు కావడంతో, పదిహేడవ శతాబ్దంలో గోల్కొండ ఫర్మానాలు, అంటే రాజాజ్ఞాపత్రాలు, ఫార్సీ తెలుగు భాషలు రెండింటిలో వెలువడ్డాయి. ఒకే కాగితం మీద రెండు లిపులు పక్కపక్కన నడిచిన ఆ కాలంలో, కచేరీ మాటలు గ్రామ కరణాల కలాల ద్వారా తెలుగులోకి ధారాళంగా ప్రవేశించాయి. ఆసఫ్‌జాహీల పాలనలో 1880ల వరకు ఫార్సీ, ఆ తరువాత ఉర్దూ అధికార భాషలుగా సాగడంతో ఆ ప్రవాహం ఆగలేదు. తెలుగులో కలిసిపోయిన ఇటువంటి మాటలు ఎంత విస్తారమో చెప్పడానికి, సి.పి. బ్రౌన్ 1854లో వాటికోసం ప్రత్యేకంగా ఒక మిశ్రభాషా నిఘంటువునే ప్రచురించవలసి వచ్చిందన్న విషయం చాలు.

మాట తెలుగులోకి వచ్చి తెలుగుదైన తీరు కూడా గమనించదగినది. చివర రెండు హల్లులు కలిసి ఉండే జుల్మ్ తెలుగు నోటికి ఇమడదు కనుక, మధ్యలో ఉకారం చేరి జులుం అయింది. ఆజ్ఞను తెలిపే ‘హుక్మ్’ హుకుం అయినదీ ఈ పద్ధతిలోనే. చివరి మకారం తెలుగు అమహద్వాచక నామాల చివర వచ్చే ‘ము’ ప్రత్యయంలా వినిపించడం వల్ల, జులుం పరాయి మాటన్న స్పృహే లేకుండా జులుమును, జులుముతో అంటూ విభక్తులు చేర్చుకుని తిరగసాగింది. హుకుం జారీ చేయడం, జులుం చెలాయించడం అనే పలుకుబళ్ళు జంటగా స్థిరపడ్డాయి. నేరాన్ని తెలిపే ‘జుర్మ్’ నుంచి పుట్టి, శిక్షగా కట్టే సొమ్మును తెలిపే ‘జుర్మానా’ తెలుగులో జరిమానాగానే కాక జుల్మానాగా కూడా మారింది. వ్యుత్పత్తి రీత్యా దానికి జులుంతో సంబంధం లేదు. అయినా ఆ మాట రేఫను విడిచి లకారాన్ని అందుకోవడంతో, నేరానికి చెల్లించే సొమ్ము జులుంకు చెల్లించే సొమ్ములా వినిపించసాగింది.

దర్బారు నుంచి వచ్చిన మాటల్లో జులుంకు ఎదురుగా నిలిచే జంట మరొకటి ఉంది. ఫార్సీలో ‘ఫర్యాద్’ అంటే ఆదుకొమ్మని వేసే కేక; ‘దాద్’ అంటే ఆ కేక విన్నవాడు చేసే న్యాయం. మహమ్మద్ కులీ తన కొత్త నగరంలో కట్టించిన రాజమందిరాల్లో ‘దాద్ మహల్’ అనే న్యాయమందిరం ఒకటి; ప్రజల మొరలు ఆలకించడానికి ఉద్దేశించినదని దాని పేరే చెబుతుంది. ఈ రెండు మాటలూ కలిసి తెలుగులో ‘దాదూ ఫిర్యాదూ లేదు’ అనే జాతీయమయ్యాయి. అడిగే దిక్కూ వినే దిక్కూ లేని స్థితిని చెప్పడానికి తెలుగువారు నేటికీ వాడే ఈ పలుకుబడిలో, కేక వేసే హక్కు, దానికి బదులు పొందే హక్కు విడివిడి విషయాలన్న గ్రహింపు ఉంది.

రెండవ మార్గం శోకం. చార్మినార్ పూర్తయిన కొద్ది సంవత్సరాలకే, 1590ల మధ్యలో, మహమ్మద్ కులీ బాద్‌షాహీ ఆషూర్‌ఖానాను నిర్మింపజేశాడు. ఆషూరా అంటే మొహర్రం మాసపు పదవ దినం. ఆ రోజు కోసం అలాంలను నిలిపే శోకమందిరం ఆషూర్‌ఖానా. అలాం అంటే యుద్ధంలో మోసే ధ్వజానికి ప్రతిరూపంగా, హస్తం ఆకారంలోనో కన్నీటి బొట్టు ఆకారంలోనో లోహంతో చేసిన చిహ్నం. ఈ మందిరపు లోగోడలకు పొదిగిన మెరుగుపలకల పనితనం 1611 నాటికి పూర్తయింది. నీలం, పసుపు, ఆకుపచ్చ, తెలుపు రంగుల చిన్న పలకలు షట్కోణాలుగా, లతలుగా అల్లుకుని, వాటి నడుమ అలాంల ఆకృతులు నిలువెత్తున లేస్తాయి. లోహపు అలాంలు ఏడాదిలో కొద్ది రోజులే కొలువుదీరితే, పలకల అలాంలు ఏడాది పొడవునా గోడ మీద నిలిచి ఉంటాయి. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైన తరువాత ఈ కట్టడం కొంతకాలం నిరాదరణకు గురై, ఆసఫ్‌జాహీ పాలకుడు నిజాం అలీఖాన్ కాలంలో మళ్ళీ వెలుగు చూసింది. ముందువైపు కొయ్య స్తంభాల మంటపం ఆయన కాలపుదే. 1908 సెప్టెంబరులో మూసీకి వచ్చిన మహావరదలో పలకలు కొంతమేర దెబ్బతిన్నా, పశ్చిమ గోడ నాటి సొగసును చాలావరకు నిలుపుకుంది.

ఈ మందిరాల్లో స్మరించే ఘటన క్రీ.శ. 680 నాటిది. ప్రవక్త మహమ్మద్ మనుమడైన హుసేన్, యజీద్ అధికారానికి విధేయత ప్రకటించడానికి నిరాకరించి, నేటి ఇరాక్‌లోని కర్బలా మైదానంలో డెబ్బై ఇద్దరిగా సంప్రదాయం లెక్కించే అనుచరులతో సహా ప్రాణాలర్పించాడు. యూఫ్రటీస్ నది కనుచూపు మేరలో ఉండగానే శత్రుసేన ఆ బిడారానికి నీళ్ళు అందకుండా అడ్డుకున్నది. పిల్లల కోసం తోలుతిత్తితో నీళ్ళు తేబోయిన తమ్ముడు అబ్బాస్ తిరిగి రాలేదు. ఒకరికి దక్కవలసినది వారికి దక్కకుండా చేయడమే జుల్మ్ అన్న నిర్వచనానికి, పారే నదిని దాహంతో ఉన్నవారి నుంచి తప్పించడం కంటే సూటి ఉదాహరణ దొరకదు. శోకసభలైన మజ్లిస్‌లలో, శోకగీతాలైన మర్సియాలలో, నౌహాలలో యజీద్, అతని సేనానులు జాలిములు; హుసేన్ మజ్లూం. దక్కనీ ఉర్దూలో తొలి సమగ్ర కావ్యసంపుటి కర్తగా పేరుపొందిన మహమ్మద్ కులీ స్వయంగా మర్సియాలు రాశాడు.

ఈ కథలో హుర్ర్ అనే సేనాని పాత్ర జాలిం అనే మాట స్వభావాన్ని మరింత విశదం చేస్తుంది. హుసేన్ బిడారాన్ని మొదట అడ్డగించినవాడు అతడే. యుద్ధం నాటి ఉదయం అతడు పశ్చాత్తాపంతో పక్షం మారి, హుసేన్ వైపున పోరాడి మరణించాడు. పిశాచం పక్షం మారదు, మృగానికి పశ్చాత్తాపం ఉండదు. జాలిం మాత్రం మనిషే కనుక, జులుం అతడు చేసే పని కనుక, దాన్ని విడిచిపెట్టే దారి కూడా అతనికి ఉంటుంది. విడిచిపెట్టకపోతే జవాబు చెప్పుకోవలసిన బాధ్యత ఉంటుంది.

మొహర్రం పదవ నాడు డబీర్‌పురాలోని బీబీకా అలావా అనే శోకమందిరం నుంచి బయలుదేరే ఊరేగింపు ఈ పదజాలమంతా వీధిలోకి వచ్చే సందర్భం. ప్రవక్త కుమార్తె ఫాతిమా పేరిట వెలసిన ఇక్కడి అలాంలో, ఆమె అంతిమ స్నానానికి వాడిన కొయ్యపలక ముక్క ఉందని భక్తుల విశ్వాసం. ఏనుగు మీద నిలిపిన అలాం చార్మినార్, గుల్జార్ హౌజ్, మీర్ ఆలం మండీ, పురానీ హవేలీ, దారుల్‌షిఫాల మీదుగా చాదర్‌ఘాట్ వైపు సాగుతుంది. నల్లబట్టలు వేసుకున్న జనం ఒక్క లయలో గుండెలు బాదుకుంటూ చేసే శోకప్రకటనను మాతం అంటారు. కొందరు తమ శరీరాలనే గాయపరచుకుంటారు, ఇటీవలి కాలంలో కొందరు దానికి బదులు రక్తదానం చేస్తున్నారు. దారి పొడవునా ‘సబీల్’ అనే చలివేంద్రాలు వెలుస్తాయి. గుడ్డ కప్పిన కుండల్లోనో పెద్ద డ్రమ్ముల్లోనో నీళ్ళు, పాలు, షర్బత్ నింపి, వచ్చేవాడి పేరు, మతం అడగకుండా గ్లాసు చేతికిస్తారు. ఒకనాడు నిరాకరించిన నీటిని ఏటేటా దారినపోయే ప్రతివారికీ అందించడం జులుంకు పాతబస్తీ ఇచ్చిన జవాబు. ఊరేగింపు సాగే దారిలో అలాంకు ‘ధట్టీ’ అనే వస్త్రాన్ని సమర్పించడం ఆచారం. నిజాం వంశీయులు సమర్పించినట్టే ఈ ధట్టీని నగర పోలీసు కమిషనర్ కూడా సమర్పించే సంప్రదాయం ఉండటంతో, అధికారం మజ్లూం గుర్తు ముందు నిలబడే దృశ్యం ఏటా ఒక్కసారైనా కనిపిస్తుంది.

నగరం నుంచి ఈ ఆచారం పల్లెలకు వెళ్ళి పీర్ల పండుగ అయింది. తెలంగాణ, రాయలసీమ గ్రామాల్లో అలాంలను పీర్లు అంటారు. వాటిని నిలిపే చోటు పీర్లచావిడి లేదా పీర్ల కొట్టం, ముందు తవ్వే నిప్పుల గుండం అలావా. ధట్టీలు కట్టేవారిలో, ఊదు వేసేవారిలో, మలీద పంచేవారిలో, గుండం చుట్టూ ఆడేవారిలో హిందువులు చాలా చోట్ల అధికసంఖ్యలో ఉంటారు; అనంతపురం ప్రాంతంలోని గూగూడులో కుళ్ళాయిస్వామిగా కొలువు పొందే పీరు వద్దకు వేలాది భక్తులు తరలివస్తారు. అరబ్బీ, ఫార్సీ తెలియని ఈ జనం కర్బలా కథను తెలుగు పాటల్లో తమదిగా చేసుకున్నారు. అన్నదమ్ములైన హస్సేన్ హుస్సేన్‌లకు జరిగిన అన్యాయాన్ని తలచి కంటతడి పెట్టిన పల్లెకు జులుం అనే మాట పరాయి కచేరీ మాటగా మిగలలేదు.

మూడవ మార్గం ప్రేమకవిత్వం. అక్కడ ఈ మాట అర్థం తలకిందులైంది. గజల్‌లో ప్రేయసి లేదా ప్రియుడు దయలేని వ్యక్తి కనుక, ఆ వ్యక్తిని జాలిం అని పిలవడం నింద కాదు, ముద్దు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్‌కు కవితాగురువై, 1905లో హైదరాబాద్‌లోనే కన్నుమూసిన దాగ్ దెహ్లవీ వంటి కవులు ఈ సంభాషణాశైలికి మెరుగులు దిద్దారు. అంతకుముందే, ఉర్దూలో దీవాన్, అంటే సంకలిత కావ్యసంపుటి, వెలువరించిన తొలి కవయిత్రుల్లో ఒకరైన హైదరాబాద్ కవయిత్రి మాహ్‌లఖా బాయి చందా, విరహాన్ని పాడే గజళ్ళను హుసేన్ తండ్రి హజ్రత్ అలీ స్మరణతో ముగించేది. ప్రేమలోని జాలిం, చరిత్రలోని జాలిం ఒకే నోట పలికిన ఊరిది. తెలుగులో దొంగ, రాక్షసి వంటి మాటలు మురిపెంగా మారినట్టే జాలిం కూడా మారింది. తెలుగు ఇళ్ళలో అన్నదమ్ములు ఒకరినొకరు ‘జులుం చేయకు’ అనుకునేటప్పుడు ఆ మాట మొండి పెత్తనం స్థాయికి దిగింది. అయినా దాని అసలు పదును పోలేదని ఇరవయ్యవ శతాబ్దపు చరిత్ర నిరూపించింది.

ఆ చరిత్ర వెట్టిచాకిరీది. కూలి ఇవ్వకుండా కులవృత్తులవారి చేతా రైతుల చేతా నిర్బంధంగా చేయించుకునే పని వెట్టి. జాగీర్దార్లు, దేశ్‌ముఖ్‌లు, వారి గుమాస్తాలు సాగించిన ఈ పద్ధతికి వ్యతిరేకంగా 1944లో భువనగిరి మహాసభ తరువాత ఆంధ్ర మహాసభ రైతాంగ ఉద్యమంగా విస్తరించింది. 1946 జులై 4న కడవెండిలో ఉద్యమ కార్యకర్త దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు బలయ్యాడు. ఆ కాలపు తెలుగు ప్రసంగాల్లో, కరపత్రాల్లో, ఉద్యమ సాహిత్యంలో జులుం తరచుగా వినిపించే మాట. దేశ్‌ముఖ్‌ను రాక్షసుడన్నప్పుడు తిట్టు తిట్టుగానే మిగులుతుంది. జులుం చేస్తున్నాడన్నప్పుడు గుంజుకున్న భూమి ఎవరిది, ఎగ్గొట్టిన కూలి ఎంత, వసూలు చేసిన జుల్మానా దేనికి అన్న లెక్క మొదలవుతుంది. మూసీ ఒడ్డున ఉన్న సిటీ కాలేజీలో అధ్యాపకుడిగా పనిచేసి, 1944లో ‘సుర్ఖ్ సవేరా’ కవితాసంపుటి వెలువరించి, కార్మికోద్యమంలోనూ తెలంగాణ సాయుధ పోరాటంలోనూ నాయకుడైన మఖ్దూం మొహియుద్దీన్ ఉర్దూలో ఇదే పని చేశాడు. ఆషూర్‌ఖానాల్లో కన్నీటి మాటగా, గజల్‌లో ముద్దు మాటగా ఉన్న పదజాలం ఆయన తరం అభ్యుదయ కవుల చేతిలో పాలకులను నిలదీసే మాటగా మారింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తన తల్లి స్మృత్యర్థం దారుల్‌షిఫాలో అజాఖానా-ఎ-జొహ్రా అనే విశాలమైన శోకమందిరాన్ని కట్టించిన పాలకుడు. మజ్లూం కోసం దుఃఖించే మందిరాన్ని కట్టించిన ఆ రాజ్యంలోనే, పాలనావ్యవస్థ మీద జులుం అనే ఆరోపణ పల్లెపల్లెనా వినిపించింది. సంపన్నుల ఆదరణ పొందినంత మాత్రాన ఆ మాట వారికి లొంగిపోలేదు.

నేటి చట్టం ఆంగ్లపు మాటనే ఆశ్రయించింది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం అనవసరమైన బాధ కలిగించడాన్ని కొలబద్దగా తీసుకుంది. 1983లో భారత శిక్షాస్మృతిలో చేర్చిన 498ఎ సెక్షన్, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలోని 85, 86 సెక్షన్లు, భర్త గాని అతని బంధువులు గాని భార్య పట్ల చూపే క్రూరత్వాన్ని నిర్వచించాయి. ఈ నిర్వచనాలను నిదానంగా చదివితే ఒక విషయం తేటపడుతుంది: చేసినవాడి గుండె ఎంత రాయో అవి తూచవు, భరించినవారికి కలిగిన హాని ఏమిటని అడుగుతాయి. పాతబస్తీలో ఈ కొలబద్ద ఊరేగింపు ఏనుగు దాకా వచ్చింది. హరిబౌలి అక్కన్న మాదన్న ఆలయపు బోనాల ఊరేగింపులోనూ, బీబీకా అలావా ఊరేగింపులోనూ నడిచిన జూపార్కు ఏనుగు రజనిని జనసమ్మర్దంలో నడిపించడం తగునా అన్న ప్రశ్న హైకోర్టు దాకా వెళ్ళింది. మాట క్రూయెల్‌ది అయినా, చట్టం దాని లోపల మెల్లగా నింపుతున్న అర్థం మజ్లూం వైపు నుంచి చూసేది.

క్రూరుణ్ణి మృగమనో పిశాచమనో కిరాతుడనో అనడం కోపాన్ని తీర్చుకోవడానికి పనికి వస్తుంది గాని, అతన్ని మనుషుల లెక్కలోంచి తీసివేసి, లెక్క అప్పగించే బాధ్యత నుంచి కూడా తప్పిస్తుంది. జాలిం అనే మాట అతన్ని మనుషుల మధ్యనే నిలిపి, ఎవరి పట్ల, ఏ విషయంలో అని అడుగుతుంది. తెలుగు ఈ మాటను అప్పుగా తెచ్చుకుని సొంతం చేసుకోవడంలోని లాభం ఇదే. మహమ్మద్ కులీ కట్టించిన దాద్ మహల్ నేడు లేదు, దాదు అనే మాట కూడా ఒక జాతీయంలో తప్ప తెలుగులో వినిపించదు. ఫిర్యాదు మాత్రం తెలుగు రాష్ట్రాల్లోని ప్రతి పోలీసు ఠాణాలో రోజూ రాసే మాటగా నిలిచి ఉంది.